ప్రోగ్రెసివ్ అఫేజియాలో మాట ఎలా మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అని నిర్ధారణ అయినప్పుడు ఇంటివాళ్లు మొట్టమొదట అడిగేది, ఇకమీదట మాట ఎలా మారుతుందని. దీనికి అందరికీ వర్తించే ఒకే జవాబు లేదు, ఎందుకంటే ఈ వ్యాధిలో మాట అందరిలోనూ ఒకే దారిన తగ్గదు. ఒకరిలో వాక్యం విరిగిపోతుంది కానీ పదాల అర్థం చెక్కుచెదరదు. మరొకరిలో వాక్యం ధారగా సాగుతుంది కానీ అందులోని పదాలకు అర్థం జారిపోతుంది. అందువల్ల ఎంత మాట పోయిందని లెక్కపెట్టడం కంటే, మాటలో ఏది పోతోందో, ఏది ఇంకా నిలిచి ఉందో గమనించడమే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఏ సాయం పనికొస్తుందో, దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేది ఆ గమనింపే.

ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అంటే ఏమిటి?

మెదడులో భాషను నడిపించే భాగాలు నెమ్మదిగా క్షీణిస్తూ రావడం వల్ల మాట్లాడటం, విన్నది అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం క్రమక్రమంగా దెబ్బతినే స్థితిని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అంటారు. వైద్యులు దీన్ని క్లుప్తంగా పీపీఏ అని పిలుస్తారు. చాలామందిలో భాషకు ఆధారం మెదడు ఎడమ అర్ధగోళమే కాబట్టి క్షీణత కూడా సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

పేరులోని మొదటి మాటకు ప్రాముఖ్యం ఉంది. వ్యాధి ఆరంభంలో, సుమారు మొదటి రెండేళ్లపాటు, భాషే ప్రధానమైన ఇబ్బందిగా ఉండాలి. నిన్న జరిగింది గుర్తుండటం, దారి తెలియడం, ఇంటి పనులు చక్కబెట్టుకోవడం వంటివి చాలావరకు మామూలుగానే ఉండాలి. అమెరికన్ న్యూరాలజిస్టు మార్సెల్ మెసులమ్ 1982లో ఇలాంటి ఆరుగురి వివరాలను ప్రచురించి, 1987లో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1892లో, ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు మెదడులో ఒక భాగం మాత్రమే కుంచించుకుపోయి భాష దెబ్బతిన్న ఒక రోగి గురించి రాశారు. ఎక్కువమందిలో ఈ వ్యాధి 50 నుంచి 70 ఏళ్ల మధ్య బయటపడుతుంది, అంటే ఇంకా ఉద్యోగం చేస్తూ, ఇల్లు నడుపుతూ ఉన్న వయసులో.

పక్షవాతం వచ్చినప్పుడు మాట పడిపోవడానికీ దీనికీ తేడా ఏమిటి?

తేడా కాలంలో ఉంది. పక్షవాతంలో మాట ఉన్నట్టుండి పడిపోతుంది. ఆ రోజు, ఆ గంట ఇంటివాళ్లకు గుర్తుంటుంది. ఆ తర్వాత వారాలు, నెలలు గడిచేకొద్దీ ఎంతో కొంత తిరిగి వస్తుంది. ప్రోగ్రెసివ్ అఫేజియాలో ఇది తలకిందులు. ఎప్పుడు మొదలైందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, వెనక్కి తిరిగి చూసుకుంటే తప్ప తెలియనంత మెల్లగా మొదలై, ఏళ్ల తరబడి తగ్గుతూనే ఉంటుంది. అందుకే పక్షవాతం వచ్చినవారి కోసం ఏర్పడిన సలహాలను, ముఖ్యంగా బాగా సాధన చేస్తే పోయినదంతా తిరిగి వస్తుందనే భరోసాను, వీరికి యథాతథంగా వర్తింపజేయకూడదు. అలా చెబితే, ఆరు నెలల సాధన తర్వాత కూడా మాట తగ్గినప్పుడు, తప్పు తమదేనని రోగి అనుకుంటారు.

వయసు పైబడినవారు పేర్లు మరచిపోవడం మామూలే కదా?

మామూలే. వయసుతో పాటు మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు నోటి దాకా వచ్చి ఆగిపోతాయి, కాసేపటికి వాటంతటవే గుర్తొస్తాయి. అనుమానించవలసింది రోజువారీ వస్తువుల పేర్లు దొరకనప్పుడు, వాక్యం మధ్యలో మాట్లాడటం మానేసి చేత్తో సైగ చేయడం అలవాటైనప్పుడు, ఒక్కో ధ్వనిని పట్టి పట్టి పలుకుతున్నప్పుడు, లేదా అందరికీ తెలిసిన పదం విని "అంటే ఏమిటి?" అని అడిగినప్పుడు. ఫోన్‌లో మాట్లాడటాన్ని తప్పించుకోవడం కూడా తరచుగా కనిపించే తొలి సూచన, ఎందుకంటే ఫోన్‌లో ముఖమూ సైగలూ సాయపడవు. ఆరు నెలల్లో, ఏడాదిలో ఇది పెరుగుతున్నట్టు అనిపిస్తే న్యూరాలజిస్టును కలవాలి. ముందుగా వినికిడి పరీక్ష చేయించడం కూడా అవసరం, ఎందుకంటే సరిగా వినిపించకపోవడాన్ని అర్థం కాకపోవడంగా పొరబడే అవకాశం ఉంది.

మాట అందరిలోనూ ఒకే విధంగా మారుతుందా?

మారదు. 2011లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఆమోదించిన వర్గీకరణ ప్రకారం ఇందులో మూడు రకాలున్నాయి: నాన్‌ఫ్లుయెంట్ లేదా అగ్రమాటిక్ రకం, సిమాంటిక్ రకం, లోగోపెనిక్ రకం. తెలుగులో స్థూలంగా చెప్పాలంటే మొదటిదాంట్లో పలకడమూ వాక్యం కట్టడమూ, రెండోదాంట్లో పదాల అర్థమూ, మూడోదాంట్లో పదం అందడమూ, విన్న వాక్యాన్ని మనసులో పట్టి ఉంచుకోవడమూ దెబ్బతింటాయి. మూడింటిలోనూ మెదడులో క్షీణించే చోటు వేరు, చాలాసార్లు దాని వెనక పేరుకుపోయే ప్రోటీన్ కూడా వేరు.

నాన్‌ఫ్లుయెంట్ రకంలో మాట ఎలా మారుతుంది?

ఇక్కడ క్షీణత మెదడు ఎడమ పక్క ముందు భాగంలో మొదలవుతుంది. ఇంటివాళ్లు మొదట గమనించేది మాట నిదానించడం. ఇంగ్లీషు మాట్లాడేవారిపై జరిగిన కొలతల్లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలు నిమిషానికి సుమారు 140 పదాలు మాట్లాడితే ఈ రకం వ్యాధి ఉన్నవారు దాదాపు అందులో మూడోవంతే మాట్లాడగలిగారు.

ఈ నిదానం వెనక రెండు వేర్వేరు ఇబ్బందులు ఉండవచ్చు. కొందరిలో ఒకటే ఉంటుంది, కొందరిలో రెండూ ఉంటాయి. ఒకటి పలుకుకు సంబంధించినది, దీన్ని అప్రాక్సియా ఆఫ్ స్పీచ్ అంటారు. నాలుకకూ పెదవులకూ బలం తగ్గకపోయినా, ఏ కదలిక తర్వాత ఏ కదలిక రావాలన్న పథకం మెదడు నుంచి సరిగ్గా అందదు. "ప-త-క" అని వేగంగా వరుసగా అనమంటే తడబడతారు. ఒకే పొడవైన పదాన్ని మూడుసార్లు చెప్పమంటే మూడుసార్లూ మూడు రకాలుగా తప్పు పలకవచ్చు. పైపైన వినేవారికి ఇది నత్తిలాగానో, ముద్దమాటలాగానో అనిపిస్తుంది కానీ దగ్గరగా వింటే ఒక్కో అక్షరం కోసం నోరు వెతుక్కుంటున్నట్టు తెలుస్తుంది.

రెండోది వ్యాకరణానికి సంబంధించినది. "నిన్న మా తమ్ముడు ఊరి నుంచి వచ్చాడు" అనవలసినవారు "తమ్ముడు... ఊరు... నిన్న... వచ్చి" అని ఆగిపోవచ్చు. తెలుగు వంటి భాషల్లో పదం చివర చేరే ప్రత్యయాలే వాక్యానికి కీళ్లు కాబట్టి అవి ఊడిపోవడమో, ఒకదానికి బదులు మరొకటి పడటమో జరిగితే వినేవారు అర్థాన్ని ఊహించుకోవలసి వస్తుంది. అర్థం చేసుకోవడంలోనూ ఇదే సమస్య ఉంటుంది. "కుక్క తరిమిన పిల్లి", "కుక్కను తరిమిన పిల్లి" అనే రెండింటి మధ్య ఉన్నది ఒక్క "ను" మాత్రమే, కానీ ఎవరు ఎవరిని తరిమారన్నది దానితో మారిపోతుంది. కుక్క, పిల్లి, తరమడం అనే మాటలు విడివిడిగా వారికి బాగా తెలుసు. ఆ చిన్న ప్రత్యయం మోసే సంగతే చేరదు. అందువల్ల పొడవైన, మెలికలున్న వాక్యాలు వారికి అందవు, పొట్టి వాక్యాలు చక్కగా అందుతాయి.

కాలం గడిచేకొద్దీ వాక్యాలు పదబంధాలుగా, పదబంధాలు విడి పదాలుగా కుదించుకుపోతాయి, చివరికి చాలామందిలో మాట పూర్తిగా ఆగిపోతుంది. మాట దాదాపు ఆగిపోయిన తర్వాత కూడా ఎవరేం మాట్లాడుతున్నారో తెలియడం, నవ్వవలసిన చోట నవ్వడం కొందరిలో చాలాకాలం నిలుస్తాయి. మరో సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది: ఈ రకంలో కొన్నేళ్లకు మింగడం కష్టం కావడం, కదలికలు నెమ్మదించడం, బిగుసుకుపోవడం, తూలిపడటం వంటి పార్కిన్సన్స్‌ను పోలిన లక్షణాలు తోడు కావచ్చు. దీనికి కారణం చాలామందిలో టావ్ అనే ప్రోటీన్ పేరుకుపోవడం.

"అవును" అనవలసిన చోట "కాదు" అంటున్నారు. ఏది నమ్మాలి?

నాన్‌ఫ్లుయెంట్ రకంలో ఇది తరచుగా కనిపిస్తుంది, ఇంట్లో తగవులకు ఇది కారణమైనంతగా మరొకటి కాదని చెప్పవచ్చు. మనసులో అవును అనుకుంటూనే నోటితో కాదు అంటారు; కొన్నిసార్లు తల ఊపడం కూడా తారుమారవుతుంది. ఇందులో మొండితనం గానీ, మాట మార్చడం గానీ లేదు. ఒకదానికొకటి వ్యతిరేకమైన రెండు జవాబుల్లో సరైనదాన్ని ఎంచుకుని బయటికి పంపడంలోనే పొరపాటు జరుగుతోంది. "మందు వేసుకున్నారా?" అని అడిగి జవాబును నమ్మేయకుండా, మందుల డబ్బా ముందు పెట్టి చూపించమనడం, బొటనవేలు పైకి లేదా కిందికి పెట్టమనడం, లేదా "టీవీ చూస్తారా, బయటికి వెళతారా?" అని రెండూ చేత్తో చూపిస్తూ అడగడం మేలు. డబ్బు, వైద్యం వంటి ముఖ్యమైన విషయాల్లో అదే ప్రశ్నను కాసేపాగి మరో విధంగా అడిగి సరిచూసుకోవాలి.

సిమాంటిక్ రకంలో మాట ధారాళంగానే ఉంటుంది కదా, మరి జబ్బు ఎక్కడుంది?

అర్థంలో ఉంది. మెదడు పక్క భాగాల ముందు కొసలు, ముఖ్యంగా ఎడమ వైపుది, క్షీణించడం వల్ల పదాలకూ వస్తువులకూ సంబంధించిన జ్ఞానమే చెరిగిపోతూ వస్తుంది. లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్ 1975లో ఇలాంటి ముగ్గురిని నిశితంగా పరీక్షించి, నిన్నమొన్నటి సంఘటనల జ్ఞాపకం ఒకటి, పదాల, వస్తువుల అర్థాల జ్ఞాపకం మరొకటి అని, రెండోది విడిగా దెబ్బతినగలదని చూపించారు.

ఒక దువ్వెనను తీసుకుని చూద్దాం. మొదట్లో దాన్ని చూపిస్తే "అదే, తల దువ్వుకునేది" అంటారు, పేరు మనం చెప్పగానే "ఆ, దువ్వెన" అని ఒప్పుకుంటారు. ఒకటి రెండేళ్ల తర్వాత "దువ్వెన ఇలా ఇవ్వండి" అంటే ఆగి, "దువ్వెనా? దువ్వెనంటే ఏమిటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్న రోజున ఇంటివాళ్లకు గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే ఆ పదాన్ని వారు తప్పుల్లేకుండా పలికి మరీ అడుగుతున్నారు. అప్పటికి కూడా దువ్వెన చేతికిస్తే తల దువ్వుకుంటారు. వస్తువును వాడే తీరు పదం కంటే చాలాకాలం నిలుస్తుంది, మరికొన్నేళ్లకు అదీ తగ్గుతుంది.

ఈ చెరిగిపోవడానికి ఒక వరస ఉంది. ముందు పోయేవి అరుదైన, ప్రత్యేకమైన పదాలు. చివరిదాకా మిగిలేవి సాధారణ పదాలు. ఒంటె మొదట గుర్రమవుతుంది, తర్వాత జంతువు, ఆ తర్వాత "అది". బాతు బొమ్మను చూపించి దాచేసి, గుర్తున్నట్టు గీయమంటే నాలుగు కాళ్లతో గీసినవారున్నారు, ఎందుకంటే జంతువులకు సాధారణంగా నాలుగు కాళ్లుంటాయన్న జ్ఞానం మిగిలి, బాతుకు మాత్రమే చెందిన జ్ఞానం పోయింది.

వాక్య నిర్మాణం, ఉచ్చారణ, మాట వేగం బాగానే ఉండటం వల్ల బయటివారు ఈ జబ్బును చాలాకాలం గుర్తించరు, నమ్మరు కూడా. సంభాషణలో "అది", "ఇది", "అక్కడ", "ఆ పని" వంటి మాటలు పెరుగుతాయి, తమకు పట్టున్న కొన్ని విషయాల చుట్టూనే మాట తిరుగుతుంది. క్షీణత కుడి వైపుకు కూడా పాకేకొద్దీ తెలిసినవారి ముఖాలను పోల్చుకోలేకపోవడం, ఎదుటివారి బాధ పట్టనట్టు ఉండటం, ఒకే పద్ధతికి అతుక్కుపోవడం వంటి ప్రవర్తన మార్పులు వస్తాయి. ఈ రకంలో ఎక్కువమందిలో పేరుకునేది టీడీపీ-43 అనే ప్రోటీన్.

లోగోపెనిక్ రకంలో ఏం జరుగుతుంది?

దీన్ని విడి రకంగా వివరించింది 2004లో, మరియా లూయిసా గోర్నో-టెంపినీ బృందం. ఎడమ వైపు కణతకూ నడినెత్తికీ మధ్య ఉన్న ప్రాంతం ఇక్కడ క్షీణిస్తుంది. ఈ రకం ఉన్నవారు కుశల ప్రశ్నలు హాయిగా మాట్లాడతారు. కచ్చితమైన పదం అవసరమైన చోట హఠాత్తుగా ఆగిపోతారు. అర్థం తెలుసు, పదం తెలుసు, నాలుక చివర ఆడుతోంది, రాదు. వచ్చినా కొన్నిసార్లు అక్షరాలు అటూ ఇటూ అవుతాయి. "తాళంచెవి" అనబోయి "తాచంలెవి" అంటారు, తప్పని వెంటనే గ్రహించి సరిదిద్దుకోబోతారు.

విన్న మాటల్ని కొన్ని క్షణాలు మనసులో నిలిపి ఉంచే శక్తి తగ్గడం ఈ రకానికి ప్రత్యేకమైన గుర్తు. విడి పదాలను తిరిగి చెప్పగలరు కానీ పది పదాల వాక్యాన్ని తిరిగి చెప్పమంటే సగం జారిపోతుంది. ఫోన్ నంబరు విని రాసుకోవడం కష్టమవుతుంది. పొడవైన వాక్యం అర్థం కాకపోవడానికి కూడా ఇక్కడ కారణం వ్యాకరణం కాదు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు చెదిరిపోవడం. ఏళ్లు గడిచేకొద్దీ లెక్కలు, జ్ఞాపకశక్తి కూడా దెబ్బతింటాయి. ఈ రకం వెనక చాలామందిలో ఉండేది అల్జీమర్స్ వ్యాధే. అది మామూలుగా జ్ఞాపకశక్తితో మొదలవుతుంది, వీరిలో భాషతో మొదలైంది.

పదం దొరకడం లేదా, పదం అర్థమే పోయిందా అన్నది ఇంట్లో తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుస్తుంది. గొడుగును చూపించినప్పుడు పేరు రాకపోతే "గొ..." అని మొదటి అక్షరం అందించండి. లోగోపెనిక్ రకంలో చాలాసార్లు "గొడుగు" అని పూర్తిచేస్తారు. సిమాంటిక్ రకంలో ఆ అక్షరం పెద్దగా సాయపడదు. ఆ తర్వాత గొడుగు, కత్తెర, గంట వంటి నాలుగైదు వస్తువులు ముందుంచి "గొడుగు ఏది?" అని అడగండి. పదం అందక బాధపడేవారు తడుముకోకుండా చూపిస్తారు. అర్థం పోయినవారు తటపటాయిస్తారు, లేదా పొరపడతారు. అయితే ఇది మీ అవగాహన కోసం మాత్రమే, నిర్ధారణ కోసం కాదు. మాటిమాటికీ ఇలా పరీక్షిస్తే వారు నొచ్చుకుంటారు.

రకం ఏదో మొదట్లోనే తేలిపోతుందా?

చాలామందిలో తేలుతుంది, కొందరిలో తేలదు. రెండు రకాల లక్షణాలు కలిసి ఉన్నవారూ, ఏ రకంలోనూ సరిగా ఇమడనివారూ ఉంటారు. ఏడాది తర్వాత చూస్తే చిత్రం స్పష్టపడవచ్చు. వ్యాధి ముదిరేకొద్దీ రకాల మధ్య తేడాలు కూడా చెరిగిపోతాయి. కాబట్టి నిర్ధారణ పత్రం మీద రాసిన పేరు కంటే ఇప్పుడు ఈ మనిషిలో ఏది నిలిచి ఉందన్న వివరమే ఇంట్లో ఎక్కువ ఉపయోగపడుతుంది.

చదవడం, రాయడం కూడా పోతాయా?

అవి కూడా మాట వెంటే మారుతాయి కానీ అదే వేగంతో కాదు. పలుకు ఇబ్బంది మాత్రమే ఉండి వ్యాకరణం నిలిచి ఉన్నవారు నోటితో చెప్పలేనిదాన్ని చాలాకాలం రాసి చెప్పగలరు. వ్యాకరణం దెబ్బతిన్నవారిలో రాత కూడా విరిగిన వాక్యాలతోనే ఉంటుంది. సిమాంటిక్ రకంలో ఇంగ్లీషు చదివేవారు అక్షరాల ప్రకారం పలకని పదాలను అక్షరాల ప్రకారమే పలకడం ఒక ముఖ్యమైన గుర్తు. తెలుగు లిపిలో రాసినట్టే చదువుతాం కాబట్టి తెలుగు చదివించినప్పుడు ఈ గుర్తు బయటపడదు. గడగడా చదివేశారని అర్థమైందనుకోకూడదు.

రెండు మూడు భాషలు వచ్చినవారిలో ఏ భాష ముందు తగ్గుతుంది?

అన్ని భాషలూ తగ్గుతాయి, ఎందుకంటే అవి మెదడులో ఒకే ప్రాంతాల మీద ఆధారపడి ఉంటాయి. తర్వాత నేర్చుకున్న భాష, తక్కువగా వాడే భాష ముందు బలహీనపడటం చాలామందిలో కనిపించినా, దీన్ని నియమంగా తీసుకోలేం. పరీక్షనూ థెరపీనీ ఆ మనిషి రోజూ మాట్లాడే భాషలో చేయడం మాత్రం తప్పనిసరి.

ఎంత వేగంగా తగ్గుతుంది?

మనిషి మనిషికీ ఎంతో తేడా ఉంటుంది. లక్షణాలు మొదలైనప్పటి నుంచి జీవితకాలం సగటున 7 నుంచి 12 ఏళ్లని సాధారణంగా చెబుతారు. మూడింటిలో సిమాంటిక్ రకం ఎక్కువకాలం సాగుతుంది. బ్రిటిష్ హాస్యనటుడు, దర్శకుడు టెర్రీ జోన్స్‌కు పీపీఏ ఉన్నట్టు 2016లో ప్రకటించారు. ఆయన 2020 జనవరిలో మరణించారు. నిర్ధారణకే తరచుగా కొన్నేళ్లు పడుతుంది కాబట్టి, నిర్ధారణ తేదీ నుంచి లెక్కించినప్పుడు కాలం ఇంకా తక్కువగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. సగటు సంఖ్యలు మీ ఇంట్లోని మనిషికి జాతకం వంటివి కావు. గడచిన ఏడాదిలో మార్పు ఎంత వేగంగా జరిగిందన్నది రాబోయే ఏడాది గురించి వాటికంటే కాస్త మెరుగైన సూచన ఇస్తుంది.

చివరికి మాట పూర్తిగా ఆగిపోతుందా?

చాలామందిలో ఆగిపోతుంది, లేదా ఒకటి రెండు పదాలకు పరిమితమవుతుంది. ఈలోగా ఎదుటివారి చివరి మాటనే తిరిగి పలకడం, ఒకే పదాన్ని పదే పదే అనడం వంటి దశలు కొందరిలో వస్తాయి. సొంతంగా వాక్యం కట్టలేనివారు కూడా అంకెలు లెక్కపెట్టడం, ఎన్నో ఏళ్లుగా వచ్చిన ప్రార్థన చెప్పడం, తెలిసిన పాటకు గొంతు కలపడం మరికొంతకాలం చేయగలుగుతారు, ఎందుకంటే అలా అలవాటుగా వచ్చేసే మాట అప్పటికప్పుడు కూర్చుకునే మాటకంటే గట్టిగా నాటుకుని ఉంటుంది. ముఖం చూడటం, చేయి పట్టుకోవడం, గొంతులోని ఆదరం పోల్చుకోవడం మాటతో పాటే పోవు.

మార్పును ఎలా కొలుస్తారు?

స్పీచ్ థెరపిస్టు ఒక బొమ్మను చూపించి అందులో ఏం జరుగుతోందో చెప్పమంటారు, వస్తువుల పేర్లు అడుగుతారు, వాక్యాలు తిరిగి చెప్పిస్తారు, కొంత చదివించి రాయిస్తారు. కొన్ని నెలల తర్వాత అదే బొమ్మతో మళ్లీ మాట్లాడిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏ భాగం కుంచించుకుపోతోందో ఎంఆర్ఐ చూపుతుంది. అల్జీమర్స్ ఉందా అన్నది తేల్చడానికి అవసరమైతే పెట్ స్కాన్ గానీ వెన్ను నీటి పరీక్ష గానీ చేస్తారు.

ఇంట్లో కూడా ఆరు నెలలకోసారి, వారి అనుమతితో, ఐదు నిమిషాల సంభాషణను ఫోన్‌లో రికార్డు చేసి ఉంచితే మంచిది. రోజూ చూసేవారి కంటికి మెల్లగా జరిగే మార్పు ఆనదు. వైద్యులకు ఆ రికార్డు మన వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది.

మందులున్నాయా?

ఈ క్షీణతను ఆపే మందు లేదు. అల్జీమర్స్‌కు వాడే కొన్ని మందులను లోగోపెనిక్ రకంలో వైద్యులు ప్రయత్నించవచ్చు. మిగతా రకాల్లో వాటివల్ల ప్రయోజనం కనిపించలేదు, కొందరిలో చికాకు, అలజడి పెరగవచ్చు. దిగులుకూ ఆందోళనకూ చికిత్స ఉంది, అది తప్పక చేయించాలి.

ఎలాగూ తగ్గేదే అయినప్పుడు స్పీచ్ థెరపీ ఎందుకు?

ఎక్కువమంది మనసులో ఉన్నా పైకి అడగడానికి జంకే ప్రశ్న ఇది. థెరపీ వ్యాధిని ఆపదు. కానీ ఎంపిక చేసుకున్న పదాలను, వాక్యాలను సాధన చేసినవారిలో అవి మెరుగుపడినట్టు, కొంతకాలం నిలిచినట్టు అధ్యయనాలు చూపాయి. కిటుకు ఎంపికలో ఉంది. నిఘంటువు మొత్తాన్ని కాపాడుకోవడానికి ప్రయత్నిస్తే ఏదీ మిగలదు; మనవరాలి పేరు, తనకు ఏం కావాలో చెప్పే నాలుగు వాక్యాలు, ఫోన్ ఎత్తినప్పుడు మాట్లాడే రెండు మాటలు, "నాకు మాట ఇబ్బంది ఉంది, కాస్త ఆగండి" అనే ఒక వాక్యం ఎంచుకుని రోజూ సాధన చేస్తే అవి నిజంగా అక్కరకొస్తాయి. నాన్‌ఫ్లుయెంట్ రకంలో ఇలాంటి వాక్యాలను థెరపిస్టు గొంతుతో గొంతు కలిపి పలుకుతూ నేర్చుకోవడం బాగా పనిచేస్తుంది.

థెరపీలో రెండో సగం రాబోయే దశకు సిద్ధం కావడం. ఫొటోలతో, పదాలతో ఒక సంభాషణ పుస్తకం తయారుచేయడం, ఫోన్‌లో బొమ్మల యాప్ వాడటం, సొంత గొంతును రికార్డు చేసి భద్రపరచుకోవడం వంటివన్నీ మాట ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మాట పూర్తిగా పోయాక కొత్త సాధనం చేతికిస్తే దాన్ని నేర్చుకునే శక్తి కూడా అప్పటికి తగ్గి ఉంటుంది. ఆస్తి, వైద్యం గురించి వారి అభీష్టాన్ని స్పష్టంగా చెప్పించి చట్టప్రకారం రాయించుకోవడానికి కూడా ఇదే సమయం. చాలా కుటుంబాలు ఇక్కడే ఆలస్యం చేస్తాయి, ఆ ఆలస్యాన్ని తర్వాత సరిదిద్దుకోలేరు.

ఇంట్లో వారితో ఎలా మాట్లాడాలి? పదం రానప్పుడు అందించాలా?

అందించాలా వద్దా అన్నది వారినే అడగండి. కొందరికి కాసేపు ఆగితే పదం వస్తుంది, మధ్యలో అందిస్తే కోపం వస్తుంది. కొందరికి అందిస్తే ఊరటగా ఉంటుంది. సాధారణంగా కొన్ని క్షణాలు ఆగి, కళ్లతోనే "చెప్పనా?" అని అడగడం మంచి పద్ధతి. ముందు టీవీ ఆపండి. ఒక్కరే మాట్లాడండి. పొట్టి వాక్యాలు వాడండి కానీ చిన్నపిల్లలతో మాట్లాడే గొంతుతో మాట్లాడకండి.

రకాన్ని బట్టి పద్ధతి మారాలి. నాన్‌ఫ్లుయెంట్ రకంలో పదాలు తెలిసినవే కాబట్టి రాసిన పదాలు, జాబితాలు పనికొస్తాయి. సిమాంటిక్ రకంలో పదాన్ని పెద్ద గొంతుతో తిరిగి చెప్పినా, కాగితం మీద రాసి చూపినా లాభం లేదు. వస్తువునే తెచ్చి చూపాలి. లోగోపెనిక్ రకంలో ఒకసారికి ఒకే సంగతి చెప్పి, అది అందాక రెండోది చెప్పాలి.

తమ మాట మారుతోందని వారికి తెలుస్తుందా?

నాన్‌ఫ్లుయెంట్, లోగోపెనిక్ రకాల్లో చాలామందికి బాగా తెలుస్తుంది, అందుకే దిగులు, నలుగురిలోకి రావడానికి సంకోచం ఎక్కువ. సిమాంటిక్ రకంలో మొదట తెలిసినా క్రమంగా ఆ ఎరుక తగ్గవచ్చు. ఏ రకంలోనైనా వారి ఎదుటే వారి గురించి, వారు లేనట్టుగా, వైద్యులతోనో బంధువులతోనో మాట్లాడటం ఎంతమాత్రం తగదు. మొదట ప్రశ్న వారినే అడగాలి.

ఇది పిల్లలకు వస్తుందా?

ఎక్కువమందిలో వంశపారంపర్యం కాదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం, ముఖ్యంగా జీఆర్ఎన్ అనే జన్యువులో మార్పు వల్ల, వస్తుంది. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇలాంటి జబ్బులు ఉంటే జన్యు సలహాదారును కలవండి.

మాట ఉన్నట్టుండి బాగా దిగజారితే జబ్బు ముదిరిందనుకోవాలా?

అనుకోవద్దు. ఈ వ్యాధి నెలల మీద మారుతుంది, గంటల మీద కాదు. నిన్నటిదాకా వస్తున్న మాట ఈ రోజు ఒక్కసారిగా ఆగిపోతే, మూతి వంకరపోతే, చేయి లేవకపోతే అది పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యానికి తీసుకెళ్లాలి. రెండు మూడు రోజుల్లో మాటా తెలివీ మందగిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటివి కారణం కావచ్చు. వాటికి వైద్యం చేస్తే మాట చాలావరకు మునుపటి స్థాయికి వస్తుంది. తింటున్నప్పుడు పొలమారడం, తిన్నాక గొంతు గురగురమనడం, మాటిమాటికీ దగ్గు రావడం గమనిస్తే మింగడాన్ని పరీక్షించమని స్పీచ్ థెరపిస్టును అడగండి, ఎందుకంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం ఈ వ్యాధి తర్వాతి దశల్లో పెద్ద ప్రమాదం. నొప్పి ఎక్కడుందో వారు చెప్పలేకపోవచ్చు కాబట్టి, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వ్యాధి పేరు, వాడుతున్న మందులు, వారు అవును కాదు ఎలా తెలుపుతారన్న వివరం ఒక కాగితం మీద రాసి వెంట ఉంచుకోండి.